నూతన గృహనిర్మాణ పద్ధతియు మన విశాఖపట్టణమును

మన పట్టణమున నేడు ఎటు చూచినను సిమెంటు మేడలును అద్దపు గోడలును కానవచ్చుచున్నవి. ఈ పద్ధతి యెచ్చట పుట్టినది, దానివలన కలిగిన మేలెంత, కీడెంత యను విషయమును విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వివరింప దలచితిమి.

మొదటి మహాయుద్ధానంతరము ఐరోపాలో కొందరు శిల్పులు పూర్వపు అలంకారములను నిరర్థకములని త్యజించిరి. వారిలో ప్రముఖుడైన లె కార్బూజియే 1923లో ప్రకటించిన గ్రంథమున ఇంటిని యంత్రముతో పోల్చెను. చదునైన కప్పు, నునుపైన గోడ, విశాలమైన కిటికీ, ఇనుము, కాంక్రీటు ఈ పద్ధతికి లక్షణములు. తక్కువ వ్యయముతో సామాన్యులకు గాలియు వెలుతురును గల ఇండ్లు సమకూర్పవలెనను వారి సంకల్పము నిందింపదగినది కాదు. మనకు 1933లో ఓడరేవు తెఱవబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. పనికై వచ్చిన వేలాది కుటుంబములకు త్వరగా ఇండ్లు కట్టుటకు ఈ పద్ధతియే తోడ్పడెను.

మరి దోషమెచ్చట? ఒకే నమూనాను సకల దేశములకు వర్తింపజేయుటయందే. మన తీరమున ఎండయు మెండు, గాలిలో తేమయు మెండు. అందుచే మన పూర్వులు గోడపై ఎండ పడకుండ వసారా దింపిరి. వేడిగాలి పైకి పోవుటకు మండువా నుంచిరి. బాటసారి కూర్చుండుటకు వీధి అరుగు కట్టిరి. ఉత్తరాంధ్ర తీరపు చుట్టుగుడిసెల గోడ గుండ్రనిది. తాటాకు కప్పు ఇంచుమించు నేలవఱకు దిగును. గాలి దానిని ఢీకొనక చుట్టి పోవును. అద్దపు గోడయో, ఎండను లోనికి రానిచ్చి వేడిని వెలుపలికి పోనీయదు. పిమ్మట చల్లదనమునకు యంత్రము, యంత్రమునకు విద్యుత్తు కావలసివచ్చును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినపుడు పెక్కు మేడల అద్దములు పగిలిపోయెను. విమానాశ్రయపు కప్పు దెబ్బతినెను. అయినను ఆ దినమున ఎందరికో ఆశ్రయమైనవి కాంక్రీటు గదులే. కావున పాతదెల్ల మేలనుటయు న్యాయము కాదు.

సాహిత్యమునందును ఇట్టి మార్పే కలిగెను. మన పట్టణమున జన్మించిన శ్రీశ్రీ వృత్తముల కట్టుబాటును విడిచెను గాని లయను విడువలేదు. గురజాడవారు చూపిన మాత్రాగతిని గైకొని, 1950లో వెలువడిన మహాప్రస్థానమున సామాన్యుని నిలిపెను. అలంకారము తగ్గినను మనుష్యుడు మిగిలెను. గృహనిర్మాణమున పలుచోట్ల మనుష్యుడే మఱుగుపడెను. ఇచ్చటనే న్యాయవాదిగా నుండిన రావిశాస్త్రిగారి కథలకు ప్రాణము వీధి జనుల మాట. వీధివైపు తలుపు లేని మేడల నడుమ అట్టి మాట వినబడుటెట్లు? రాబోవు కథకుడు దేనిని విని వ్రాయును?

కొత్త సామగ్రిని పాత వివేకముతో వాడవచ్చునని లారీ బేకర్ నిరూపించెను. కుష్ఠరోగుల సేవకై ఇంగ్లాండునుండి వచ్చిన ఈ క్రైస్తవ శిల్పి కేరళలో పూతలేని ఇటుకతోను జాలీ గోడలతోను బీదలకు చల్లని ఇండ్లు కట్టెను.

మన పాఠశాలకు క్రొత్త తరగతి గదులు కట్టవలెనను ప్రస్తావన యిపుడు కలదు. పటములో వరండా లేదు. పడమటి గోడ నిండ అద్దములు కలవు. మధ్యాహ్నము రెండు గంటల తరువాత అచ్చట కూర్చుండవలసినవారు పిల్లలే. గోడలు కాంక్రీటువే కానిండు. వరండాను మాత్రము చేర్పుడనియు, పెద్ద కిటికీలను సముద్రపు గాలి వచ్చు వైపునకు మార్పుడనియు, వేపచెట్లను కొట్టింపవలదనియు కమిటీవారిని ప్రార్థించుచున్నాము. వరండాకు వ్యయము కొంత హెచ్చును. దాని నీడ మాత్రము ఏటేట పిల్లలకు దక్కును. తలిదండ్రులును ఈ విషయమై తమ అభిప్రాయమును తెలుపుదురు గాక.