కుండీమొక్క తల వాల్చినది: దాహమా, ముంపా?

పెరటినేలలో నాటిన మొక్క నీరు కావలసివచ్చినపుడు వేళ్లను లోతునకు పంపి వెదకికొనును. అక్కరకు మించిన నీరు భూమిలో ఇంకిపోవును. కుండీమొక్కకు ఈ రెండు సౌకర్యములును లేవు. దాని దప్పిక తీర్చువారమును మనమే, దానిని ముంచువారమును మనమే. అట్టి మొక్క వాడినపుడు లోకములో వ్యాప్తినొందిన కొన్ని నమ్మకములు, మేలు తలపెట్టినవారి చేతనే దానికి కీడు చేయించుచున్నవి. వానిలో ముఖ్యమైనవానిని ఇచట పరిశీలింతము.

అపోహ: ఆకులు వాలినవన్న నీరు చాలలేదనియే అర్థము.

వాస్తవము: ఆకులోని కణములు నీటితో నిండి బిగువుగా ఉన్నంతవరకు ఆకు నిలిచియుండును, ఆ బిగువు సడలగానే వాలిపోవును. మట్టిలో నీరు లేకపోవుట అందుకు ఒక కారణము. నీరుండియు వేళ్లు దానిని పీల్చలేకపోవుట మరియొక కారణము. వేళ్లును శ్వాసించును. మట్టిరేణువుల నడుమనున్న సందులలోని గాలియే వానికి ఆధారము. ఆ సందులు నిరంతరము నీటితో నిండియున్నచో, ప్రాణవాయువు గాలిలోకంటె నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపించును గనుక, వేళ్లకు ఊపిరాడదు. ఊపిరాడని వేళ్లు నీటిని గ్రహింపజాలవు. పిదప పిథియము, ఫైటోఫ్తొరా వంటి సూక్ష్మజీవులు వానిని పట్టి కుళ్లించును. ఈ విధముగా నీటిలో నిలిచియే మొక్క దప్పికతో నశించును.

కావున చెంబెత్తుటకు ముందు మట్టిలో వేలిని రెండు కణుపుల లోతు గ్రుచ్చి చూడవలెను. మన్ను పొడిగా ఉండి, కుండీ తేలికగా లేచి, ఆకు అంచులు పెళుసెక్కియున్నచో అది దాహము. మన్ను చెమ్మగా ఉండి, కుండీ బరువుగా తోచి, క్రిందియాకులు పసుపువారి, మొదలు మెత్తబడి, మురుగువాసన వచ్చుచున్నచో అది ముంపు.

అపోహ: ప్రతిదినము ఒకే కొలత నీరు పోసినచో మొక్కకు లోటుండదు.

వాస్తవము: మొక్క త్రాగు నీరు దినమున కొకరీతిగా మారును. స్టీఫెన్ హేల్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను దినదినము త్రాసున తూచి, ఆకుల నుండి ఆవిరియగు నీరు రాత్రికంటె పగలు ఎంతయో అధికమని, వాతావరణమును బట్టి అది హెచ్చుతగ్గు లగుచుండునని 1727లో ప్రకటించిన తన గ్రంథమున నిరూపించెను.

మన లోగిళ్లలోని తులసియే ఇందుకు నిదర్శనము. స్నానానంతరము తులసమ్మకు చెంబెడు నీళ్లు పోయుట ఆచారము. రోహిణికార్తె ఎండలో ఆ నీరు త్వరలోనే ఆరిపోవును. శ్రావణపు ముసురులోను, ధనుర్మాసపు చలిలోను ఆ చెంబెడు నీరే, అడుగున కన్నము లేని సిమెంటు కోటలో నిలిచి, వేళ్లను కుళ్లించును. తడి ఆరని దినములలో ఉద్ధరిణెడు నీటితో అర్చించినను భక్తికి లోపము రాదు, తులసికి ప్రాణము నిలుచును.

అపోహ: అడుగు కన్నము నుండి నీరు కారినదన్న మట్టి తడిసినట్లే.

వాస్తవము: మిక్కిలి ఎండిన మట్టి కుంచించుకొనిపోయి కుండీగోడను విడుచును. అపుడు పోసిన నీరు వేళ్లగడ్డను తాకకయే ప్రక్కసందు నుండి జారి పళ్లెములో చేరును. మనము తృప్తి చెందుదుము, మొక్క వాడియే యుండును. ఇట్టి కుండీని తొట్టెలోని నీటిలో అరగంట నానబెట్టి, పైమన్ను చెమ్మగిల్లిన పిదప తీసి, నీరోడిపోనీయవలెను. కేవలము దాహముచే వాడిన మొక్క చాలవరకు కొన్ని గంటలలోనే తలయెత్తును.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్లు పరచినచో నీరు నిలువదు.

వాస్తవము: సన్నని సందులుగల మన్ను తాను పూర్తిగా నానిననే గాని నీటిని క్రిందనున్న పెద్ద సందులలోనికి విడువదు. అందుచే రాళ్లు పరచుటవలన నీరు నిలుచు పొర వేళ్లకు మరింత చేరువయగును. వేళ్లకు దక్కవలసిన మన్నును తగ్గును. కన్నముపై పెంకుముక్క యొకటి చాలును. ఉత్త ఎర్రమన్ను గట్టిపడును గనుక అందు ఇసుకయు, చివికిన పశువుల ఎరువును కలిపి గుల్లబరచుటయే మేలైన ఉపాయము.

అపోహ: మిట్టమధ్యాహ్నము నీరు పోసిన ఆకులు మాడిపోవును.

వాస్తవము: నునుపైన ఆకులపై నిలిచిన నీటిబొట్లు ఎండను కేంద్రీకరించి ఆకును కాల్చజాలవని 2010లో హంగరీ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి, నూగుగల కొన్ని ఆకులపై మాత్రమే అట్టి అవకాశము గలదు. ఉదయమున పోయుటయే శ్రేష్ఠమైనను, దప్పికగొన్న మొక్కను సాయంకాలమువరకు ఎండనీయుట తగదు. అయితే మధ్యాహ్నము వాలి, ప్రొద్దువాలగనే తేరుకొను మొక్కకు రోగము లేదు. ఆకులు విడుచు నీటివేగమును వేళ్లు అందుకొనలేకపోవుటయే కారణము. మన్ను తడిగా ఉన్నచో దానిని నీడకు జరిపిన చాలును.

అపోహ: వాడిన మొక్కకు ఎరువు వేసిన కోలుకొనును.

వాస్తవము: రసాయనపు ఎరువులోని లవణములు మట్టినీటిని గాఢపరచి, వేళ్లు నీరు పీల్చుటను మరింత దుష్కరము చేయును. ముంపుచే వాడిన మొక్కకు చికిత్స వేరు. దానిని మెల్లగా కుండీ నుండి వెలికితీసి చూడవలెను. గట్టివేళ్లు బ్రతికినవి, గోధుమవర్ణమునకు మారి, పట్టుకొనగానే తోలూడివచ్చు వేళ్లు చచ్చినవి. చచ్చినవానిని కత్తిరించి, క్రొత్త మట్టిలో, మిగిలిన వేళ్లకు సరిపడు కుండీలో నాటి, నీడలో ఉంచవలెను. పైమన్ను ఆరినగాని మరల నీరు పోయరాదు. చిన్నమొక్కకు పెద్దకుండీ ఉపకారము కాదు. వేళ్లు చేరని మట్టిలో తడి ఆరక నిలిచిపోవును.

మొక్కను చంపు నీటిలో అధికభాగము ప్రేమతో పోసినదే. మీ ఇంట కుండీమొక్క తల వాల్చిన దినమున ఆకును చూచి జాలిపడుటకు ముందు, మట్టిని తాకి నిర్ణయింపుడు.