వార్తల్లో పదం: బ్రౌన్ ఫ్యాట్

కొవ్వంటే నిల్వ సరుకనుకుంటాం. గోధుమరంగు కొవ్వు మాత్రం కొలిమి. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సహశాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1929లో వెల్లడించిన, కణాలు శక్తికి వాడుకునే ఏటీపీగా ఇంధనం మారకుండా, యూసీపీ1 అనే ప్రోటీన్ ఆ శక్తిని నేరుగా వేడిగా వదిలేస్తుంది. వణకకుండానే ఒళ్లు వెచ్చబడుతుంది. యాగంటి, నంద్యాల ఎండల్లో దీంతో పనేమిటని అడగవచ్చు. కానీ 37 డిగ్రీల గర్భంలోంచి తడి ఒంటితో వచ్చిన పసికందుకు పాతిక డిగ్రీల గదీ చలే. వణకడం సరిగా రాని ఆ బిడ్డను భుజాల మధ్యనున్న ఈ కొవ్వే కాస్తుంది.

ఇది లేకుండానే పక్షులు బతుకుతున్నాయి కదా? నిజమే, అవి కండరాలు వణికించి వేడి పుట్టిస్తాయి. యూసీపీ1 జన్యువు చెడిన పందుల పిల్లలు మాత్రం చలికి ఇట్టే లొంగిపోతాయి. నెలలు నిండని బిడ్డలో ఈ కొవ్వు తక్కువ. అందుకే పుట్టగానే బిడ్డను తుడిచి, తల్లి గుండెకు ఆనించండి.