టాంకరు వెనుకనున్న పలక

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్‌.బి.నగరు వరకు గల రాజమార్గమున మన సోదరీమణులలో ననేకులు దినదినము నడచుచునే యున్నారు. విజయవాడకు బోవు 65వ జాతీయ రహదారి యిదియే. చీరెల యంగళ్లు, విద్యార్థుల శిక్షణ కేంద్రములు, పైన మెట్రో రైలు. వీని నడుమనే పెట్రోలు బంకులకు చమురు దెచ్చు టాంకరు లారీలు సాగుచుండును. వాని వెనుకనుండు పలకను మన మెన్నడైన జదివితిమా?

ఆ పలకపై నంకెలు వట్టి గుర్తులు కావు. 1203 అనిన పెట్రోలు, 1075 అనిన వంటగ్యాసు, 1017 అనిన క్లోరిను. లోకమంతటను నివి యొక్కటియే. డ్రైవరు స్పృహ దప్పి పడియున్నను, అగ్నిమాపకదళమువారు దూరమునుండియే చూచి నీరు చల్లవలెనో నురుగు చల్లవలెనో నిర్ణయింతురు. కావున నా పలకపై దుమ్ము పేరుకొననీయరాదు.

1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నిబంధనల ననుసరించి, ఇట్టి బండిని తోలువాడు ఒక భారతీయ భాషను, ఇంగ్లీషును చదువ వ్రాయ నేర్చియుండవలెను. మూడు దినముల ప్రత్యేక శిక్షణ పొందియుండవలెను. సరకు స్వభావమును, ఆపదలో జేయవలసిన పనులను దెలుపు కాగితము సదా అతని గదిలోనే యుండవలెను. పూర్వ మీ యనుమతి యొక్క సంవత్సరమే చెల్లెడిది. 2019వ సంవత్సరపు సవరణచే మూడేండ్లయినది. ప్రాణములతో గూడిన విద్యను ఏటేట మరల నేర్చుకొనుటయే మేలని మా యభిప్రాయము.

కడవ నెత్తుకొని నడచిన స్త్రీకి టాంకరు స్వభావమును వేరుగ జెప్పనక్కరలేదు. నిండుకుండ తొణకదు; సగము కుండ తొణకును. ఎల్‌.బి.నగరు కూడలిలో సాగరు బాటకు గాని, ఉప్పలు వైపునకు గాని బండిని వడిగా ద్రిప్పినచో లోని చమురు ఒక ప్రక్కకు బరుగిడి బండిని బోర్లద్రోయగలదు. అందులకే లోపల నడ్డుపలకలు, వేరువేరు గదులు నమర్తురు. బంకులో చమురు దింపుటకు ముందు బండిని తీగెతో భూమికి గలుపుదురు; లేనిచో రాపిడిచే బుట్టిన విద్యుత్తు నిప్పురవ్వయై యావిరిని ముట్టించును. ఖాళీ టాంకరు నిరపాయకరమని తలచువారు కలరు. చమురు పోయినను ఆవిరి మిగిలియుండును. శుద్ధిచేయక దానికి వెల్డింగు చేయుట మృత్యువును బిలుచుటయే.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. నేలపై బ్రాకి మురుగుకాలువలలో, గుమ్మములలో జొరబడును. 2012 ఆగస్టు 27వ తేది రాత్రి కేరళమున కన్నూరు చెంత చాలలో టాంకరు బోల్తాపడగా, గ్యాసు చుట్టునున్న యిండ్ల వరకు వ్యాపించి మండెను. ఇరువది మంది మరణించిరి. అట్టి వాసన వచ్చినచో పొయ్యి వెలిగింపక, విద్యుత్ మీటలను ముట్టక, గాలి వచ్చు దిక్కునకు బిల్లలతో దూరముగా బోవలెను. పిమ్మట 112కు టెలిఫోను చేయవలెను.

2024 జనవరి 2వ తేదిని హైదరాబాదు బంకులయొద్ద బారులు తీరిన జనమును మీరు చూచియుందురు. ప్రమాదము చేసి చెప్పక పారిపోయినవారికి బదేండ్ల వరకు శిక్ష విధించు క్రొత్త చట్టముపై నాడు డ్రైవర్లు సమ్మె చేసిరి. నిలిచినచో జనులు కొట్టుదురనియు, పోయినచో చెరసాల యనియు వారి మొర. నిబంధన ప్రకారము డ్రైవరు వెంటనే పోలీసు ఠాణాకు దెలుపవలెను. అయితే వాని నచటివారు కొట్టి తరిమినచో, ఆ బండిలో నేమున్నదో, ఏ మూత కట్టవలెనో చెప్పగలవా డెవ్వడు?