పిట్లంలో రీఫ్ ట్యాంక్: మెగ్నీషియం వెంట పడి నేను చేసిన తప్పు

ఫోన్ రివ్యూల మధ్యలో ఈ చేపల గోల ఏంటి అనుకోకండి. రీఫ్ ట్యాంక్ అంటే సగం చేపలు, సగం గ్యాడ్జెట్లు. సెన్సార్లు, డోసింగ్ పంపులు, యాప్‌తో తిరిగే లైట్లు, అర్ధరాత్రి నోటిఫికేషన్లు. గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాడి జేబుకి ఇంతకన్నా పెద్ద చిల్లు నేనైతే చూడలేదు.

మాది పిట్లం. సంగారెడ్డి నుంచి జోగిపేట మీదుగా వచ్చే 161 నంబరు హైవే మీద, బాన్సువాడకి దగ్గర్లో ఉంటుంది. సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడ దగ్గర్లో పెద్ద నీళ్లంటే నిజాంసాగర్, అది కూడా మంజీర నీళ్లు. అలాంటి చోట వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో 120 లీటర్ల గాజు పెట్టెలో సముద్రం పెట్టాను. రాళ్లు, ఇసుక పోను నీళ్లు 100 లీటర్లు. రెండు క్లౌన్ ఫిష్, ఒక క్లీనర్ రొయ్య, జోయాంథిడ్లు, మష్రూమ్ పాలిప్‌లు. హైదరాబాద్ నుంచి ఆర్టీసీ బస్సులో పాలిథిన్ కవర్లు ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నా. పక్క సీటు పెద్దాయన దారి పొడుగునా వాటినే చూస్తూ కూర్చున్నాడు.

రాతి పగడాలు ఎందుకు పెట్టలేదంటారా? రీఫ్ కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. మన సముద్రాల్లోంచి తీసిన ముక్క కొన్నా, అమ్మినా నేరమే. "లైవ్ రాక్" అని అమ్మే రాయి కూడా చాలాసార్లు చచ్చిన పగడమే. అందుకే నాది సిరామిక్ రాయి. ఎవడైనా వాట్సాప్‌లో చవగ్గా హార్డ్ కోరల్ ఇస్తానంటే ఆ చాట్ క్లోజ్ చేసేయండి.

సరే, అసలు కథ. మూడో నెలలో జోయాలు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. టెస్ట్ కిట్ తీశా. మెగ్నీషియం 1110 పీపీఎం. అసలు సముద్రంలో 1290 దాకా ఉంటుంది, ట్యాంకుల్లో 1250 నుంచి 1350 మధ్య ఉంచుతారు. కాల్షియం చూస్తే 360, ఉండాల్సింది 420 దగ్గర. రిఫ్రాక్టోమీటర్‌లో ఉప్పు మాత్రం నిక్షేపంగా 35. ఇంకేముంది, సాల్ట్ బకెట్ నాసిరకమని తీర్మానించేశాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మెగ్నీషియం ఏం పని చేస్తుందో చెప్పాలి. మన బోరు నీళ్లకి హీటర్ రాడ్డు మీద తెల్లటి పెచ్చు కడుతుంది కదా, అది కాల్షియం కార్బొనేట్. సముద్రపు నీళ్లలో ఈ రెండూ మామూలుగా కరిగి ఉండాల్సిన హద్దు కంటే ఎక్కువే ఉంటాయి. ఆ లెక్కన సముద్రమంతా పెచ్చు కట్టాలి. కట్టనివ్వనిది మెగ్నీషియం. చిన్న స్ఫటికం మొదలవగానే వెళ్లి దాని ఒంటికి అతుక్కుంటుంది, దాంతో ఇంకా కాల్షియం కార్బొనేట్ దాని మీద సాఫీగా పేరుకోలేదు. మెగ్నీషియం బాగా తగ్గితే ఆ కాపలా పోయి, మీరు పోసిన కాల్షియం, ఆల్కలినిటీ పంపు మీదా హీటర్ మీదా పెచ్చుగా తేలతాయి. పగడాలు, రాళ్ల మీద పెరిగే గులాబీ రంగు కోరలైన్ పాచి మెగ్నీషియం వాడుకుంటాయి కానీ కాల్షియంతో పోలిస్తే చాలా తక్కువ. అంటే ఇది మెల్లగా కదిలే సంఖ్య. నెలలో 180 పీపీఎం పడిపోయిందంటే ట్యాంక్ మీద కాదు, కొలత మీద అనుమానం రావాలి. నాకు రాలేదు.

మెగ్నీషియం కోసం మొదట వెళ్లింది ఎరువుల దుకాణానికే. "ఏం తమ్మీ, పత్తి ఎర్రబడ్డదా?" అని అడిగాడు షాపు అన్న. తప్పేం లేదు, పత్తి ఆకు ఎర్రబారితే ఇక్కడ లీటరుకి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొట్టడం మామూలే. "లేదన్నా, చేపలకు" అంటే నవ్వి మళ్లీ అడిగాడు. సంచి మీద మెగ్నీషియం 9.6 శాతం అని ఉంది. కాగితం మీద లెక్క బాగానే కుదిరింది, కానీ కొనలేదు. ఎరువు గ్రేడులో మిగతా మలినాలేంటో సంచి చెప్పదు. రాగి కొంచెం ఎక్కువున్నా రొయ్యలు, పాలిప్‌లు బతకవు.

ఆన్‌లైన్‌లో ఫుడ్ గ్రేడ్ మెగ్నీషియం క్లోరైడ్ తెప్పించా. మామూలుగా దొరికే హెక్సాహైడ్రేట్ రేకుల్లో మెగ్నీషియం 12 శాతం. 100 లీటర్లలో 200 పీపీఎం పెంచాలంటే 20 గ్రాముల మెగ్నీషియం కావాలి, అంటే సుమారు 167 గ్రాముల రేకులు. రోజుకి 100 పీపీఎం మించొద్దని ప్రతి గైడూ చెబుతుంది. నేను ఒక్క రాత్రిలో మొత్తం పోసేశాను. రెండో రోజు పొద్దున రొయ్య ఇసుక మీద పడి ఉంది. మొదట అది విడిచిన పొట్టు అనుకున్నా. కాదు.

ఆ తర్వాత గాని నోట్‌బుక్ తీసి లెక్క వేయలేదు. 1110ని 1290తో భాగిస్తే 0.86. 360ని 420తో భాగిస్తే కూడా 0.86. రెండూ ఒకే వాటాలో తగ్గాయి! ఇది మెగ్నీషియం కొరత కాదు. మొత్తం ఉప్పే తక్కువ.

రిఫ్రాక్టోమీటర్‌ని నేను ఆర్‌ఓ నీళ్లతో సున్నా దగ్గర సెట్ చేసుకుని వదిలేశాను. సున్నా కరెక్ట్ ఉన్నంత మాత్రాన 35 కరెక్ట్ ఉండాలని లేదు, పైగా చవక మోడళ్లు చాలావరకు మామూలు ఉప్పునీళ్ల కోసం చేసిన స్కేలుతో వస్తాయి. పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. నగల తూకం మీద 3.65 గ్రాముల వంట ఉప్పు, 96.35 గ్రాముల ఆర్‌ఓ నీళ్లు కలపండి. ఆ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌లో సరిగ్గా 35 చూపించాలి. నాది 40 చూపించింది. అంటే ఇన్నాళ్లూ అది 35 అన్నప్పుడల్లా ట్యాంక్‌లో ఉన్నది 30.

ఇప్పుడు అసలు చిక్కు. ఉప్పుని 35కి తేవాలి, కానీ సాల్ట్ మిక్స్‌లో కూడా మెగ్నీషియం ఉంటుంది. నేను పోసిన దానికి అది తోడై 1490కి చేరింది. ఆవిరైన నీళ్ల బదులు ఉప్పునీళ్లు పోస్తూ రెండు వారాల్లో ఉప్పు పెంచాను. తర్వాత 20 శాతం చొప్పున మూడు వాటర్ చేంజ్‌లు చేస్తే 1400 దగ్గరకి దిగింది. తొమ్మిది రోజులు జోయాలు ఒక్కటీ తెరుచుకోలేదు. రోజూ ఆఫీస్ కాల్ మధ్యలో వాటినే చూస్తూ కూర్చునేవాణ్ణి.

మన దగ్గర ఈ లెక్క బాగా తెలిసినవాళ్లు భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల రైతులు. ఉప్పు తక్కువున్న నీళ్లలో వనామి పెంచేవాళ్లు మెగ్నీషియం, పొటాషియం బస్తాల లెక్కన చెరువుకి వేస్తారు. సముద్రంలో మెగ్నీషియం కాల్షియానికి మూడు రెట్లు ఉంటుంది, బోరు నీళ్లలో ఆ నిష్పత్తి సాధారణంగా ఉండదు. వాళ్లకి ఆ తేడా ఒక పంట నష్టం. నాకు పోయింది ఒక రొయ్య.

కొనేవాళ్లకి నా మాట. ముందు టీడీఎస్ పెన్ను, నాలుగు వందల లోపే వస్తుంది. ప్లాంట్ క్యాన్ నీళ్లు, ఇంట్లో మినరల్ కాట్రిడ్జ్ ఉన్న ఆర్‌ఓ నీళ్లు రెండూ పనికిరావు, డీఐ రెజిన్ దాటి టీడీఎస్ సున్నా రావాలి. మా ఊళ్లో మే నెల ఎండకి నీళ్లు బకెట్ల కొద్దీ ఆవిరైపోతాయి. వాటి బదులు గట్టి నీళ్లు పోస్తే రెండు నెలల్లో కెమిస్ట్రీ మొత్తం తారుమారు. తర్వాత రిఫ్రాక్టోమీటర్, దానితో పాటే నగల తూకం. ఆల్కలినిటీకి హానా హెచ్ఐ772 చెకర్ బావుంది, రంగులు పోల్చుకునే బాధ ఉండదు. మెగ్నీషియానికి మామూలు టైట్రేషన్ కిట్ చాలు, నెలకోసారి చూస్తే సరిపోతుంది.

నెప్ట్యూన్ ట్రైడెంట్ సంగతి అడుగుతారని తెలుసు. ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం మూడూ తనంతట తానే కొలిచి యాప్‌లో గ్రాఫ్ ఇస్తుంది. మిషన్ అద్భుతం. కానీ దానికి అపెక్స్ కంట్రోలర్ ఉండాలి, రీఏజెంట్లు మళ్లీ మళ్లీ తెప్పించాలి. ఇలాంటి సాఫ్ట్ కోరల్ ట్యాంక్‌కి దండగ. డోసింగ్ పంపు కూడా అంతే, వారానికి 10 శాతం వాటర్ చేంజ్ అదే పని చేస్తుంది. దాని బదులు ఇన్వర్టర్ మీద నడిచే ఎయిర్ పంపు కొనండి, కరెంటు పోయినప్పుడు చేపల్ని కాపాడేది అదే.

ఈ ఆదివారం రీడింగులు: ఉప్పు 35, మెగ్నీషియం 1320, కాల్షియం 425, ఆల్కలినిటీ 8.1 డీకేహెచ్. జోయాలు పూర్తిగా తెరుచుకున్నాయి. కొత్త రొయ్యని ఇంకా తేలేదు, వచ్చే నెల హైదరాబాద్ వెళ్లినప్పుడు చూడాలి.