బొగ్గు బ్రష్షుల యరుగుదల

మిక్సీ తిరుగునప్పుడు లోపల నీలిరంగు నిప్పురవ్వలు లేచుట మన యిండ్లలో ననేకులు చూచియే యుందురు. గత వేసవిలో మా మిత్రుని యింట మేమును చూచితిమి. యంత్రము విప్పగా లోపలి రాగి భాగము గోధుమవన్నె తిరిగి యుండెను. అది మురికి యని తలచి ఎమరీ కాగితముతో తళతళలాడునట్లు రుద్దితిమి. ఫలితము విపరీతమయ్యెను. రవ్వలు హెచ్చెను, కొలది దినములలోనే బ్రష్షులు పూర్తిగా నరిగి, వెనుకనున్న స్ప్రింగు రాగిని గీకసాగెను. నయాపూలు సమీపమున నొక మరమ్మతు దుకాణమునకు దానిని గొనిపోగా, అచటి వృద్ధుడైన ఉస్తాదు చూచి, “బేటా, మీరు మురికి యనుకొని తీసివేసినది దాని కవచము” అనెను. ఆ మాట యర్థము తెలిసికొన యత్నించితిమి. తెలిసినంతవఱకు చదువరులకు నివేదించుచున్నాము.

తిరుగుచున్న ఆర్మేచరునకు విద్యుత్తును తీగెతో గట్టి యందింప వీలులేదు. తీగె మెలిపడి తెగిపోవును. కావున దాని యిరుసుపై రాగి పలకలతో గూర్చిన కమ్యుటేటరు నమర్చి, రెండు బ్రష్షులు స్ప్రింగుల బలముచే దాని నంటియుండునట్లు చేయుదురు. తొలుత ఇవి రాగితీగెల కుచ్చులుగా నుండెడివి. బ్రష్షు అను పేరు అందుచేతనే కలిగినది. రాగి రాగితో నొరసికొని రెండును చెడుచుండెను. 1885లో జార్జి ఫోర్బ్సు అను స్కాట్లండు దేశీయుడు బొగ్గు బ్రష్షులకు పేటెంటు పొందెను. గ్రాఫైటు విద్యుత్తును ప్రసరింపజేయును. నునుపుగా జారును గూడ. చౌకయైన బొగ్గు తానరిగి విలువైన రాగిని కాపాడుటయే యిందలి కిటుకు.

కొంతకాలము తిరిగిన పిమ్మట రాగి ఆక్సైడు, గ్రాఫైటు, గాలిలోని తేమ కలిసి కమ్యుటేటరుపై పలుచని గోధుమవన్నె పొర యేర్పడును. ఒరపిడిని తగ్గించునది యీ పొరయే. తేమ యెంత ముఖ్యమో రెండవ ప్రపంచ యుద్ధకాలమున తేటపడెను. మిక్కిలి యెత్తున నెగురు విమానములలో, తేమ లేని గాలియందు, బ్రష్షులు కొలది గంటలలోనే పొడియై రాలిపోయెను.

ఇక జాగ్రత్తలు. స్ప్రింగు వదులైనచో బ్రష్షు ఎగిరిపడి రవ్వలు పుట్టును. మిక్కిలి బిగువైనచో బొగ్గు త్వరగా నరుగును. మితమైన యొత్తిడియే మేలు. క్రొత్త బ్రష్షు ముఖమును కమ్యుటేటరు వంపునకు సరిపడునట్లు సన్నని గాజు కాగితముతో నరగదీయవలెను. నూనె తగులనీయరాదు, అది బొగ్గుపొడితో గలిసి పలకల సందులలో నంటుకొనును. పెద్ద యంత్రములలో ఈ సందులందు అభ్రకము నుంచుదురు. గూడూరు ప్రాంతమునకు పేరు తెచ్చిన ఖనిజ మిదియే. అది రాగికంటె నెమ్మదిగా నరుగును గాన, పైకి పొడుచుకొనివచ్చి బ్రష్షును గీకకుండునట్లు రాగిమట్టమునకు దిగువగా గోయుదురు. బ్రష్షు మూడవవంతు మిగిలినప్పుడే మార్చుట క్షేమము.

మన సీలింగు పంకాలకును, మెట్రో రైళ్ల మోటార్లకును బ్రష్షులు లేవు. మిక్సీకి మాత్రము కలవు. సకాలమున మార్చియుండినచో రెండు చిన్న బ్రష్షులతో పోయెడిది. మా తొందరపాటువలన ఆర్మేచరే మార్చవలసివచ్చెను. అంతవఱకు మా మిత్రుని తల్లికి పచ్చళ్లు రోట నూరుకొను శ్రమ తప్పలేదు. కావున సోదర విద్యార్థులారా, యంత్రము విప్పుటకు ముందు ప్లగ్గు తీయుడు. పెద్దలను దగ్గర నుంచుకొనుడు. తెల్లనివన్నియు పాలు కానట్లే, నల్లనివన్నియు మురికి కాదని మాత్రము మరువకుడు.