మదామ్ డ్యు బారీ: కరపత్రాల కథ, అసలు కథ

అపోహ: పారిస్ వీధుల్లో తిరిగే వేశ్య నేరుగా ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ అంతఃపురానికి చేరింది.

వాస్తవం: ఈ మాటను ఊరూరా మోసినవి ఆమె శత్రువుల కరపత్రాలు, 1775లో రచయిత పేరు లేకుండా వెలువడి దొంగచాటుగా తెగ అమ్ముడుపోయిన ఒక ‘జీవిత చరిత్ర’. తర్వాత మదామ్ డ్యు బారీగా పేరుపడ్డ జాన్ బెక్యు 1743లో వోకులర్ అనే చిన్న ఊళ్లో, కుట్టుపనితో బతికే అవివాహిత తల్లికి పుట్టింది. ఒక ధనికుడి సాయంతో పారిస్ కాన్వెంటులో చదువుకుంది. ఆ తర్వాత లాబీల్ అనే వ్యాపారి ఫ్యాషన్ దుకాణంలో పనికి కుదిరింది. జూదగాడు జాన్ బాప్టిస్ట్ డ్యు బారీ ఆమెను చేరదీసి, పెద్దమనుషులకు అప్పగించి లాభపడ్డాడు. దీన్ని దాచనక్కర్లేదు. కానీ బేరమాడింది అతను, పేరు చెడింది ఆమెది. ఇది ఘోరమైన అన్యాయం.

అపోహ: అందం ఒక్కటే ఆమెను అందలం ఎక్కించింది.

వాస్తవం: పదిహేనో లూయీ మనసు పడినంత మాత్రాన వెర్సాయ్ రాజప్రాసాదం తలుపులు తెరుచుకోలేదు. రాజుగారి అధికారిక ప్రియురాలికి కులీన ఇంటిపేరు ఉండాలి. అందుకే 1768 సెప్టెంబరు 1న ఆమెను జాన్ బాప్టిస్ట్ తమ్ముడు గియోమ్‌కి ఇచ్చి పేరుకు పెళ్లి జరిపించారు. మూడేళ్లు వయసు తగ్గించి, లేని తండ్రిని చూపించి దొంగ జనన పత్రం పుట్టించారు. దర్బారులో పరిచయం చేయడానికి కులీన స్త్రీలెవరూ ముందుకు రాలేదు. చివరికి అప్పుల్లో మునిగిన బేయార్న్ కౌంటెస్, వాటిని తీర్చే ఒప్పందం మీద సరేనంది. 1769 ఏప్రిల్ 22న ఆ తంతు ముగిసింది.

అపోహ: వజ్రాలహారం కుంభకోణంలో ఆమె చెయ్యి ఉంది.

వాస్తవం: రాజు ఆమె కోసం కొంటాడన్న ఆశతో నగల వర్తకులు ఆ హారం చేయించారు. కానీ ఆయన కొనకముందే, 1774లో మశూచితో పోయాడు. ఆమెను దర్బారు నుంచి మఠానికి పంపేశారు. ఆ హారాన్ని రాణి పేరు చెప్పి మోసగాళ్లు కాజేసిన కుంభకోణం బయటపడింది 1785లో!

అపోహ: ఆమె సేవకుడు జామోర్ ఆఫ్రికావాడు.

వాస్తవం: కాదు, బెంగాల్ బిడ్డ. చిన్నతనంలోనే బానిసగా ఫ్రాన్స్ చేరాడు. ఫ్రెంచ్ విప్లవ న్యాయస్థానంలో ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు.

అపోహ: ఆమెది పిరికి చావు.

వాస్తవం: ఆ న్యాయస్థానం మరణశిక్ష వేశాక, 1793 డిసెంబరు 8న గిలెటిన్ ముందు ఆమె ఏడ్చింది, ప్రాణాలు కాపాడమని జనాన్ని వేడుకుంది. ఆమె చిత్రాలు గీసిన విజే ల బ్రన్ తర్వాత తన జ్ఞాపకాల్లో దాన్ని తప్పుపట్టలేదు. మిగతా బాధితులు అంత నిబ్బరంగా కాక ఇలాగే ఏడ్చి ఉంటే, జనం కదిలి విప్లవకాలపు ఆ భీతావహ పాలన ఇంకా ముందే ఆగేదని రాసింది.