బండి పైకప్పు మీద గాలి వంగే చోటు

డాలస్ నుంచి ఒక పాఠకుడు రాశారు. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌వీ కొన్నారట, అంటే మంచాలూ వంటగదీ ఉన్న ప్రయాణపు బండి. పిల్లలతో గ్రాండ్ కాన్యన్ దాకా వెళ్లాలని ఉబలాటం. పైకప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టాలి. "ఒక్కోటి ఏడు కిలోలే కదా, డబుల్ సైడ్ టేపు చాలు అంటున్నాడు మా బావమరిది. నిజమేనా?"

కరెంటు సంగతి ముందే ముగిస్తాను. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండాలి. వెలుతురు పడుతున్నంతసేపూ ప్యానెల్ వైర్లలో వోల్టేజీ ఉంటుంది కాబట్టి పని చేసేటప్పుడు పైన మందపాటి దుప్పటి కప్పాలి. ఇక గాలి దగ్గరికి వద్దాం.

ఏడు కిలోలన్నది బండి ఆగి ఉన్నప్పటి లెక్క. గంటకు 105 కిలోమీటర్ల వేగంలో, అంటే 65 మైళ్ల వేగంలో, ఎదురొచ్చే గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 53 కిలోల బరువుతో సమానం. ప్యానెల్ వైశాల్యం దాదాపు 0.65 చదరపు మీటర్లు. ఆ ఒత్తిడంతా పైకి లాగడానికే పడితే 34 కిలోలు. దానికి గంటకు 30 కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే 57 కిలోలు! బలం వేగపు వర్గంతో పెరుగుతుంది మరి.

అసలు పైకి ఎందుకు లాగుతుంది? ఎన్నో పుస్తకాలు తప్పు చెప్పింది ఇక్కడే. విమానం రెక్క ముందు అంచున విడిపోయిన గాలి వెనక అంచున ఒకేసారి కలుసుకోవాలట, పైదారి పొడవు కనక పైగాలి పరుగెత్తాలట. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందన్నది 1738 నాటి బెర్నూలీ మాట, దానికి వంక పెట్టలేం. కానీ కలుసుకోవాలన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. 2003లో కేంబ్రిడ్జి ఆచార్యుడు హోల్గర్ బాబిన్‌స్కీ పొగతో చూపించారు: పైన వెళ్లిన పొగ ముందే చేరిపోతుంది.

ఐన్‌స్టీన్ అంతటివారూ రెక్క దగ్గర తడబడ్డారు. 1916లో బెర్నూలీ సూత్రం ఆధారంగా వ్యాసం రాసి, పిల్లి వీపులా ఉబ్బిన రెక్కను ప్రతిపాదించారు. ఎల్‌వీజీ అనే జర్మన్ కంపెనీ దాన్ని విమానానికి తగిలించింది. అది కడుపుతో ఉన్న బాతులా గాలిలో ఊగిందని నడిపిన పైలట్ చెప్పాడు.

నాకు నచ్చిన వివరణ ఇది. గాలి దారి వంగాలంటే దాన్ని వంపు లోపలికి ఏదో నెట్టాలి. గాలిని అలా నెట్టేది చుట్టూ ఉన్న పీడనంలోని తేడాయే. కనక వంపు బయట పీడనం ఎక్కువ, లోపల తక్కువ. ఇప్పుడు ఆర్‌వీని చూడండి. గోడలాంటి ముందు భాగానికి తగిలిన గాలి పైకి ఎగిసి, కప్పు అంచు దగ్గర ఒక్కసారిగా వెనక్కి మళ్లాలి. అంత కరుకు మలుపు తిరగలేక కప్పును వదిలేసి, పైనుంచి వంపు తిరిగి, కొంతదూరం పోయాక మళ్లీ కప్పును అందుకుంటుంది. ఆ వంపు కింద మిగిలేది సుడులు తిరిగే తక్కువ పీడనపు ప్రాంతం. మొత్తం కప్పులో ప్యానెల్‌కు అన్నిటికన్నా చెడ్డ చోటు అదే. తుఫానుకు రేకులు అంచుల్లో, మూలల్లో ముందు లేవడం మన కోస్తా వాళ్లకు కొత్త కాదు. కట్టడాల మీద గాలి బలాన్ని లెక్కగట్టే మన ఐఎస్ 875 ప్రమాణం మూడో భాగం కూడా అంచులకూ మూలలకూ విడిగా ఎక్కువ లెక్క వేయమంటుంది.

ఇంతకన్నా ముచ్చటైన సంగతి ఇంకొకటుంది. ప్యానెల్‌ను కప్పుకు సమాంతరంగా, రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ వదిలి బిగిస్తే, పైనున్న తక్కువ పీడనం అంచుల సందుల్లోంచి కిందికీ పాకుతుంది. రెండు ముఖాల మీదా పీడనం దాదాపు సమానమైతే ఇక లాగేది ఎవరు? గాలిని గాలే అడ్డుకుంటుంది! అదే ముందు అంచు కాస్త పైకి లేచి ఉంటే, ఎదురుగాలి కిందికి దూరి నెడుతుంది, పైగాలి లాగుతుంది, రెండూ ఒకే వైపు. ఎండ కోసం ఏటవాలుగా ఎత్తిన కాళ్లను బండి కదిలేలోపు తప్పకుండా మడవాలి. పైగా ఆ ఖాళీ చల్లదనానికీ కావాలి. సిలికాన్ ప్యానెల్ ఒక డిగ్రీ వేడెక్కితే 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పోతుంది.

టేపు సంగతి. ప్యానెళ్లను మామూలుగా 2400 పాస్కల్స్ ఒత్తిడికి పరీక్షిస్తారు, అంటే చదరపు మీటరుకు 245 కిలోలు. అద్దానికి వచ్చిన భయం లేదు. బలహీనమైనది కప్పు. చాలా ఆర్‌వీల్లో అది పలుచటి ప్లైవుడ్, దాని మీద జిగురుతో అంటించిన రబ్బరు పొర. అక్కడ టేపు ఎంత గట్టిదైనా పట్టుకునేది ఆ పొరనే. పొర లేస్తే అన్నీ లేస్తాయి. శుభ్రం చేసిన ఫైబర్‌గ్లాస్ కప్పు మీదైతే బావమరిది మాట కొంత చెల్లుతుంది, అదీ ఇలాంటి పనికి తయారైన టేపుతోనే. రబ్బరు కప్పయితే కింది అడ్డపట్టీలు ఎక్కడున్నాయో వెతికి స్క్రూలు వాటిలోకే దిగేలా బిగించాలి. స్క్రూ తలల మీద ఆ కప్పుకు సరిపడే సీలెంట్ వేయాలి. మామూలు సిలికోన్ సీలెంట్ అయితే రబ్బరు పొరకు సరిగా అంటదు, నీరు దిగి ప్లైవుడ్ కుళ్లుతుంది.

అమ్మేవాళ్ల మీద నాకున్న కోపం ఒక్కటే. డబ్బా మీద వాట్లు వేస్తారు, కిలోలు వేస్తారు. ఎంత వేగానికి, ఎన్ని బ్రాకెట్లతో అన్నది కూడా వేయాలి. అంతవరకూ డాలస్ మిత్రుడు ప్యానెళ్లను కప్పు ముందు అంచు నుంచి వీలైనంత వెనక్కి జరిపి బిగించి, తొలి వంద కిలోమీటర్ల తర్వాత ఆగి ప్రతి స్క్రూనూ మళ్లీ చూసుకోవాలి.